టకటకమనే ట్యాపెట్లు

నేను మెకానిక్‌గా పనిచేసే ఈ పరాయి దేశంలో చాలా వర్క్‌షాపుల్లో మెకానిక్ సంపాదన పుస్తకంలో రాసిన గంటల మీదే నడుస్తుంది. ఏ పనికి ఎంతసేపు పట్టాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. తొందరగా ముగించినా, పొద్దంతా తంటాలు పడినా చేతికొచ్చేది ఆ లెక్క ప్రకారమే. అందుకే పాత కారు ఒకటి టకటకమంటూ లోపలికి రాగానే “ట్యాపెట్లు (ఇంజన్ వాల్వ్‌లను తెరిచే చిన్న భాగాలు) పోయాయి, విప్పాల్సిందే” అనడం ఎవరికైనా సులువు. విప్పితే గంటలు రాలతాయి. “ముందు ఆయిల్ సంగతి చూద్దాం” అన్నవాడికి రాలేది తక్కువ.

అయినా నేను ముందు ఆయిలే చూస్తాను. పాత కార్లు తెచ్చేవాళ్ళలో సగం మంది నాలాగే వలస వచ్చినవాళ్ళు. రాత్రి షిఫ్టులు, డెలివరీలు, ఆఫీసులు తుడిచే పనులు. కారు షెడ్డులో పడుంటే వాళ్ళకి ఆ రోజు కూలి లేనట్టే. పైగా ఈ శబ్దాల్లో చాలావాటికి ట్యాపెట్లు కారణమే కాదు.

క్యామ్‌కీ (తిరుగుతూ వాల్వ్‌ను నొక్కే ఉబ్బెత్తు), వాల్వ్‌కీ (సిలిండర్‌లోకి గాలిని వదిలి, పొగను బయటికి పంపే తలుపు) మధ్య సందు మిగలకుండా చూడడం హైడ్రాలిక్ ట్యాపెట్ పని. లోపల ఓ ప్లంజర్ (పైకీ కిందికీ జారే చిన్న దిమ్మ), కింద స్ప్రింగు, దారి మూసే చిన్న ఉక్కు గోళీ. ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికొస్తుంది; క్యామ్ నొక్కగానే గోళీ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన ఆయిల్ అణగదు కనుక ట్యాపెట్ మొత్తం బిగుసుకుని వాల్వ్‌ను తెరుస్తుంది. 1930లో వచ్చిన క్యాడిలాక్ వి-16 నాటికే ఈ తరహా ఏర్పాటు ఉంది. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) సందులు సరిచేసే బాధ తప్పింది గానీ, బదులుగా అంతా ఆయిల్ మీద ఆధారపడింది. ఆయిల్ తగ్గినా, మడ్డి పట్టినా, అందులో గాలి చేరినా ట్యాపెట్ మెత్తబడి టకటకమంటుంది.

శబ్దం ఎప్పుడొస్తోందో ఓనర్ని అడిగితే సగం రోగం తెలిసిపోతుంది. రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున్నే కొద్ది సెకన్లు మోగి సద్దుమణిగితే కంగారు అక్కర్లేదు. ఎక్కువసేపు సాగితే ఫిల్టర్ మీద అనుమానం; ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ నాసిరకం ఫిల్టర్లలో నిలవదు. వేడెక్కాక ఐడిలింగ్‌లో మోగితే ప్రెషర్ తక్కువన్నమాట. డాష్‌బోర్డు లైటును నమ్మకుండా ఇంజన్‌కే గేజ్ తగిలించి చూడాలి. స్పీడు పెంచినప్పుడు మోగితే ఆయిల్ మరీ ఎక్కువ పోసి నురగ కట్టించారేమో డిప్‌స్టిక్ చూడండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగను పోగుచేసే గొట్టం) లీకు కూడా చల్లగా ఉన్నప్పుడు అచ్చం ఇలాగే టిక్కుమంటుంది, వేడికి లోహం సాగాక ఆగిపోతుంది. ఆ లీకుకి ట్యాపెట్లు మార్చేసిన బిల్లులు చూశాను.

చెవికి అందే తేడా ఇంకొకటి ఉంది. క్యామ్ షాఫ్ట్ (క్యామ్‌లున్న ఇరుసు) క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వేగంలో సగమే తిరుగుతుంది, కాబట్టి ట్యాపెట్ శబ్దం ఇంజన్ స్పీడులో సగం లయలో, పైభాగం నుంచి, సన్నగా వస్తుంది. కింద నుంచి బరువుగా, బండి లాగేటప్పుడు ఎక్కువయ్యే దెబ్బ వినిపిస్తే అది బేరింగ్ వ్యవహారం. ఇంజన్ ఆపేయండి, నడుపుకుంటూ ఇంటికి పోవద్దు.

ఆయిలే కారణమనిపిస్తే కంపెనీ చెప్పిన గ్రేడు, మంచి ఫిల్టర్ వేసి నడపమంటాను. మడ్డి ఎక్కువుంటే కొద్ది రోజుల్లోనే మళ్ళీ ఓసారి మార్పు. చలిదేశంలో దగ్గర దూరాలకే తిరిగే బండి ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరి కాదు, మడ్డి పేరుకుంటుంది. ఫ్లష్ మందుల (ఆయిల్‌లో కలిపి మడ్డి కడిగే ద్రావకాల) సంగతి మాత్రం జాగ్రత్త. బాగా మడ్డి పట్టిన ఇంజన్‌లో అవి పెళ్ళలు ఊడగొట్టి ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పెట్టగలవు. అప్పుడు శబ్దం కోసం వచ్చినవాడు ఇంజన్ మీదికి తెచ్చుకుంటాడు.

ఇవన్నీ అయ్యాకా ఒకచోటే మోగుతుంటే స్టెతస్కోప్‌తో ఏ సిలిండరో పట్టుకుని అప్పుడు విప్పుతాను. తీసిన ప్రతి ట్యాపెట్ మళ్ళీ తన బోర్‌లోకే (తను కూర్చున్న రంధ్రంలోకే) వెళ్ళాలి, అరుగుదల జతగా జరిగింది కనుక. పుష్‌రాడ్ ఇంజన్లలోని (పొడవాటి కడ్డీలతో వాల్వ్‌లు తెరిచేవి) ఫ్లాట్ ట్యాపెట్ అడుగు, పేరుకు చదునే అయినా, కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి. గుంటపడితే క్యామ్ కూడా అరిగినట్టే, రెండూ మార్చాలి. ఒక్క ట్యాపెట్లే మార్చి మురిస్తే కొత్తవీ పాడవుతాయి.

బిగించగానే తాళం తిప్పే తొందర మంచిది కాదు. కొన్ని ఇంజన్లలో అరగంట దాకా ఆగమని మాన్యువల్‌లోనే ఉంటుంది. నిండుగా ఆయిల్ ఉన్న ట్యాపెట్లు కాస్త అణగకముందే తిప్పితే వాల్వ్ పిస్టన్‌కు తగలొచ్చు. స్టార్ట్ చేశాక కూడా లోపలి గాలి పోయేదాకా కాసేపు టకటకమంటాయి. ఈ ముక్క ఓనర్‌కి ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే బిల్లు పట్టుకుని కౌంటర్ దగ్గరే గొడవ మొదలవుతుంది.