గన్నవరం నుంచి శంషాబాద్: గాల్లో 263 కిలోమీటర్లు, గడియారంలో ఐదు గంటలు

గన్నవరం నుంచి శంషాబాద్‌కి విమాన దూరం ఎంతో కాగితం మీదే తేల్చుకోవచ్చు. గన్నవరం 16.53 ఉత్తర అక్షాంశం, 80.80 తూర్పు రేఖాంశం. శంషాబాద్ 17.24, 78.43. అక్షాంశాల తేడా 0.71 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 79 కి.మీ. రేఖాంశాల తేడా 2.37. దీన్నీ 111తో గుణించి ఊరుకుంటే తప్పు, ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా. రెండు ఊళ్ల మధ్య అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు, దాని కొసైన్ 0.956తో ఇంకోసారి గుణిస్తే 251 కి.మీ. ఆపైన బళ్లో నేర్చుకున్న పైథాగరస్సే: 79, 251ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 263.

కొసైన్ మర్చిపోతే 275 దాకా వస్తుంది. విజయవాడ-హైదరాబాద్ రోడ్డు దూరం కూడా దాదాపు అంతే కాబట్టి తప్పు చేశామన్న అనుమానమే రాదు! ఇంకో పొరపాటు, 16 డిగ్రీల 32 నిమిషాలను 16.32 అని వేసేయడం. నిమిషాలను 60తో భాగించాలి, అది 16.53. ఈ ఒక్క తప్పుకే 23 కి.మీ. జరిగిపోతాం. గన్నవరం నుంచి ఢిల్లీకైతే రెండు ఊళ్ల మధ్య అక్షాంశం, అంటే 22.5 డిగ్రీల కొసైన్ తీసుకోండి, 1,390కి కాస్త తక్కువగా వస్తుంది. అమెరికా దూరాలకు మాత్రం ఈ బల్లపరుపు లెక్క పనికిరాదు, గోళం సూత్రం వాడాల్సిందే.

ఇక టైము. ఈ రూట్లో తిరిగే ఏటీఆర్ 72 వేగం గంటకు 500 కి.మీ. అటూఇటూ. భాగిస్తే 32 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట, గంటా పది ఉంటుంది. అది విమానం స్టాండు వదిలినప్పటి నుంచి అవతల స్టాండులో ఆగేదాకా లెక్క. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లడం, పైకెక్కడం, దిగేముందు వరసలో తిరగడం అన్నీ అందులోవే. దూరం తక్కువైనా ఇవేవీ తగ్గవు. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట గన్నవరంలో మంచు పడితే ఆ లెక్కా తప్పుతుంది.

గుంటూరు వాళ్లకు ఇంకో లెక్క ఉంది. మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు దాటి గన్నవరం చేరడానికి గంటంబావు. బ్యాగు కౌంటరు సాధారణంగా గంట ముందే మూస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానం గంటా ఐదు నిమిషాలు, సామాను అందుకోవడానికి 25 నిమిషాలు, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ఇంకో గంట. మొత్తం ఐదుంబావు. కారులోనూ దాదాపు అంతే, పైగా బ్యాగు బరువు ఎవరూ తూయరు.