పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారలేదు

కింది దవడలో వెనక పన్ను. చల్లనీళ్లు తగిలితే నొప్పి చెవి దాకా లాగేది, పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. ఎక్స్‌రే చూసి రూట్ కెనాల్ చెయ్యాలన్నారు డాక్టరమ్మ. రూట్ కెనాల్ కంటే, దానికి ముందు పన్ను మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్ గురించే నాకు టెన్షన్.

పై పళ్లకైతే చిగురు పక్కన ఇచ్చిన మందు ఎముకలోకి ఇంకుతుంది. కింద వెనక పళ్ల దగ్గర ఎముక దట్టంగా ఉంటుంది. అందుకని నరం దవడ ఎముకలోకి దిగే చోట, బాగా లోపలికి ఇవ్వాలి. ముందు జెల్ రాశారు. సూది దించాక, రక్తనాళంలో పడలేదు కదా అని సిరంజి కాస్త వెనక్కి లాగి చూశారు. తర్వాత లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే మందు చాలా నిదానంగా ఎక్కించారు. గుండె దడదడలాడింది. అందులో కలిపే అడ్రినలిన్ వల్ల అలా ఉండొచ్చని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు.

కాసేపటికి పెదవి సగం, నాలుక ఒక పక్క మొద్దుబారాయి. కానీ డ్రిల్ పంటి లోపలికి దిగగానే ప్రాణం పోయినంత పనైంది. చెయ్యెత్తాను. వెంటనే ఆపేశారు.

"ఓర్చుకోవద్దమ్మా, చెప్పండి. లోపల గుజ్జు బాగా వాచినప్పుడు నరాలు మందుకు లొంగవు. పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారకపోవచ్చు" అన్నారు.

బుగ్గ వైపు చిగురులో 4 శాతం ఆర్టికెయిన్ అనే ఇంకో మొద్దుబార్చే మందు ఇచ్చారు. పంటికీ ఎముకకీ మధ్య సన్నటి సందులో ఇంకొన్ని చుక్కలు గట్టిగా ఒత్తి ఎక్కించారు. ఈసారి డ్రిల్ పట్టుకునే ముందు చల్లటి స్ప్రేలో తడిపిన దూది పంటికి ఆనించి చూశారు. ఏమీ తెలియలేదు. ఆ తర్వాత పని హాయిగా సాగింది.

సాయంత్రం దాకా తిమ్మిరి పోలేదు. పెదవి కొరుక్కోకుండా, వేడి కాఫీ జోలికి పోకుండా జాగ్రత్తపడ్డాను. సూది వెళ్లిన వైపు కండరం బిగిసి, కొన్నాళ్లు నోరు పూర్తిగా తెరుచుకోలేదు. వేడి కాపడం, ఉప్పునీళ్ల పుక్కిలింత, రోజూ కొంచెం కొంచెంగా నోరు తెరవడంతో సర్దుకుంది. క్యాప్ వేశాక ఇప్పుడు ఆ వైపే నములుతున్నాను.

మా పిన్నికి ఎప్పుడో పన్ను తీసేటప్పుడు నొప్పి అంటే "కాస్త ఓర్చుకో" అన్నారట. అప్పటినుంచి పళ్ల డాక్టరు గడప తొక్కలేదు. అలా అనడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. మళ్లీ మందు ఇచ్చే దారులు ఇన్ని ఉన్నాయి కదా! వచ్చే వారం ఆవిడను ఈ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్తున్నాను.