పక్కనే సముద్రం ఉన్నా: విశాఖలో రీఫ్ ట్యాంకు, క్లామ్

సముద్రం ఇంత దగ్గరగా పెట్టుకుని సాల్ట్ కొనడమేమిటని విశాఖలో రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్రజీవులను పెంచే ఉప్పునీటి అక్వేరియం) మొదలుపెట్టిన ప్రతివారికీ అనిపిస్తుంది. ట్రైడాక్నా అనే పెద్ద ఆల్చిప్ప (క్లామ్) విషయంలో సముద్రపు నీళ్లు వాడే ఆలోచన మానుకోండి. వానాకాలం వెళ్లేసరికి నదుల వరద నీరంతా బంగాళాఖాతంలో చేరి, తీరం వెంబడి ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా ఊళ్లోని గెడ్డలు కలిసేదీ అక్కడే. క్లామ్‌కి ఏడాది పొడవునా 35 పీపీటీ (లీటరుకి సుమారు 35 గ్రాముల) ఉప్పదనం కావాలి. టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) సున్నా చూపే ఆర్వో-డీఐ (వడగట్టి లవణాలన్నీ తీసేసిన) నీళ్లు, మంచి రీఫ్ సాల్ట్, అంతే.

బీచ్‌లో దొరికే ఆల్చిప్పలూ పనికిరావు. అవి నీళ్లలోని సూక్ష్మ నాచును వడగట్టుకుని బతుకుతాయి. శుభ్రమైన ట్యాంకులో వాటికి తిండి దొరక్క చచ్చి, నీళ్లన్నీ కుళ్లబెడతాయి. ట్రైడాక్నాల దారి వేరు. వాటి మాంటిల్‌లో (పెంకు అంచుల్లో పరుచుకునే మెత్తని పొరలో) కాపురముండే నాచు కణాలు వెలుతురుతో వండిపెట్టేదే వాటి ప్రధాన ఆహారం.

కొనేముందు చట్టం చూసుకోండి. ట్రైడాక్నాల్లో మాక్సిమా, స్క్వామోసా రకాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఈ కుటుంబమంతా సైట్స్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. హేచరీలో పుట్టి, దిగుమతి కాగితాలతో వచ్చిన డెరాసా రకం అయితేనే తీసుకుని, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించండి. కాగితం చూపలేకపోతే, ఎంత అందమైనదైనా దుకాణంలోనే వదిలేయండి. 7 సెంటీమీటర్లకు తక్కువున్నది తేలిగ్గా నిలవదు.

అసలు పని ఆల్కలినిటీతో, అంటే పెంకు కట్టుకోవడానికి నీటిలో ఉండే కార్బొనేట్ల నిల్వతో. దాని కొలత డీకేహెచ్. 8, 9 డీకేహెచ్‌ల మధ్య ఒక అంకె పట్టుకుని అక్కడే నిలపాలి. కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం దరిదాపుల్లో ఉంటే చాలు. వారం పాటు రోజూ ఒకే వేళకి టెస్ట్ చేసి, ఎంత తగ్గుతోందో రాసుకోండి. 200 లీటర్ల నీటిలో రోజుకి అర డీకేహెచ్ తగ్గుతోందనుకుందాం. లీటరు ఆర్వో నీళ్లలో 2 గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి మూతపెట్టండి. పాలలా ఉన్న నీళ్లు తేరాక, పైన మిగిలిన సున్నపు తేట లీటరు పోస్తే ఆ లోటు పూడుతుంది, కాల్షియం కూడా 4 పీపీఎం పెరుగుతుంది. అయితే ఒక్కసారిగా పోస్తే పీహెచ్ ఎగిరిపోతుంది. సెలైన్ సెట్టు బిగించి, ఆవిరైన నీటికి బదులుగా రాత్రంతా చుక్కచుక్కగా దిగనివ్వాలి. కిళ్లీ సున్నం మాత్రం వద్దు, అందులో ఏం కలిసిందో తెలియదు. లెక్క కుదిరిందనడానికి గుర్తు పెంకు అంచునే కనబడుతుంది: కాగితమంత పలచగా, మిగతా పెంకుకన్నా తెల్లగా కొత్త గీత.

నైట్రేట్‌ని సున్నాకి దించకండి. 5 పీపీఎం ఉంటే క్లామ్‌కే మంచిది.

వేడి ఇక్కడ పెద్ద చిక్కు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరి కావు, ఫ్యాను పెట్టినా వేసవిలో పెద్దగా చల్లబడవు. చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) తప్పదు. 26 డిగ్రీలకు పెట్టి, దాని వేడిగాలి గది బయటికి పోయే ఏర్పాటు చేయండి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు రెండు మూడు రోజులు వెలుతురు లేకున్నా క్లామ్ ఓర్చుకుంటుంది, ఆక్సిజన్ లేకపోతే ఓర్చుకోలేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి.

డెరాసాని ఇసుక మీదే ఉంచి, కింద అరచేతంత చదును రాయి పెట్టండి. దాని అడుగునుంచి వచ్చే సన్నని దారాలు ఆ రాయిని పట్టుకుంటాయి. చోటు మార్చాలంటే రాయితో సహా ఎత్తండి. ఊడలాగితే ఆ దారాలు పుట్టే గ్రంథి చిరుగుతుంది, క్లామ్ చాలాసార్లు దానితోనే పోతుంది. దారాలు తెంచక తప్పకపోతే బ్లేడుతో రాతి దగ్గర కోయండి. లైటు మొదటి రెండు వారాలు తగ్గించి, తర్వాత పార్ (నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత) 200 దాకా పెంచండి.

రాత్రి లైట్లు ఆరాక టార్చి వేసి పెంకు అడుగు, ముడతల సందులు చూడండి. బియ్యపుగింజంత తెల్లటి నత్తలు కనిపిస్తే అవి క్లామ్ రసం పీల్చేవే. మెత్తని టూత్‌బ్రష్‌తో వాటినీ, జిగురులా అంటుకున్న గుడ్లనూ రుద్దేసి, వారానికోసారి మళ్లీ చూస్తూ ఉండండి. మాంటిల్ ఒకచోట చిటికేసి లాగినట్టు ముడుచుకుపోతే అది వేరే జబ్బు. దానికి, ట్యాంకు నీళ్లంత వేడికే తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్ సరిచేసిన ఆర్వో నీళ్లలో క్లామ్‌ని 20 నిమిషాలు ముంచండి. రాగి కలిసిన మందులు మాత్రం ఆ ట్యాంకు దరిదాపులకు కూడా రానివ్వకండి.