యిత్రో గారి క్లాసు

మన బైబిల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ నుంచి మళ్ళీ ఫోన్. "అయ్యగారూ, ప్రసంగం వద్దు, జ్ఞాపకం రాయండి, అదీ రెండు పేజీలు దాటకుండా" అన్నారు. ఫోన్ చేసింది ఎవరో మీకు తెలుసు, ఏ గొంతుతో అన్నారో కూడా తెలుసు. గ్రీకు పరీక్షల గురించి, గంట మాయమైన రాత్రి గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు, మూడో బెంచీ వాళ్ళు రాయకపోతేనే అందరికీ క్షేమం. నాకైతే రెండో ఏడాది మొత్తంలో యిత్రో గారు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

పేరు పెట్టింది మనమే, ఆయనకి తెలిసీ ఊరుకున్నారు. సంఘ పరిచర్య చెప్పడానికి వచ్చిన మనిషి టర్మంతా నిర్గమకాండం 18వ అధ్యాయం, అదే మోషే మామ యిత్రో వచ్చే అధ్యాయం, దాటలేదు. సిలబస్ సంగతేమిటండీ అని మన లీడరు గారు లేచి అడిగితే, "ఇది ఎక్కకపోతే మిగతా సిలబస్‌తో మీరు చేసేదేముంది, కూర్చో" అన్నారు. లీడరు గారు ఆ టర్ములో మళ్ళీ లేవలేదు.

ఆయన పట్టుకున్న వివరం ఒక్కటే. యిత్రో ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను యాజకుడు, చుట్టపుచూపుగా వచ్చినవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం తీర్పుల కోసం మోషే చుట్టూ నిలబడి ఉండటం చూశాడు, చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అనేశాడు. మరి ఆ మాట మోషే అన్న అహరోను ఎందుకు అనలేదు? హూరు ఎందుకు అనలేదు? ముందు అధ్యాయంలోనే కదా, రెఫీదీములో యుద్ధం జరుగుతుంటే పైకెత్తిన మోషే చేతులు బరువెక్కితే ఇద్దరూ చెరో పక్క నిలబడి పొద్దుగుంకే దాకా పట్టుకున్నారు, కాబట్టి ప్రేమ లేక కాదు. రోజూ చూసేవాళ్ళకి అది మామూలైపోయింది, పైగా మోషేకి ఎదురు చెప్పడమంటే మాటలా. చేతులు పట్టుకునేవాళ్ళు లోపలే ఉండాలి, పద్ధతి బాగాలేదని చెప్పేవాడు మాత్రం బయటి నుంచే రావాలి అనేవారు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టుకోమన్న సలహా మనందరం నోట్సులో రాసుకున్నాం, ఆయన మాత్రం చివరి వచనం కింద గీత గీయించేవారు: యిత్రో తన దేశానికి వెళ్ళిపోయాడు. "ఆయనకి మోషే కుర్చీ అక్కర్లేదు. నీ కమిటీలో ఓటు లేనివాడు, నీ వల్ల ట్రాన్స్‌ఫర్ కావలసిన పని లేనివాడు ఒకడు నీకు ఉన్నాడా?"

ఆ ప్రశ్నే చివరికి పరీక్షలో వచ్చింది. అర్ధరాత్రి దిక్కుతోచకపోతే, నీ సంఘానికి చెందని ఎవరికి ఫోన్ చేస్తావు? "ప్రార్థిస్తాను" అని రాసిన భక్తులందరికీ సున్నా. ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్ళిన ఆ గొడవ మరిచిపోయినవాళ్ళు ఉండరు. యిత్రో గారు అక్కడ కూడా తగ్గలేదు. పౌలు ప్రార్థన మానేశాడా, అయినా తిమోతికి ఉత్తరం రాసి చలికాలం రాకముందే రమ్మన్నాడు, త్రోయలో వదిలేసిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు, మార్కు అనే తోటి పనివాణ్ణి వెంటబెట్టుకుని రమ్మన్నాడు అని వాదించారు. మార్కులు మారలేదు. సున్నా వచ్చినవాళ్ళలో ఒకరు ఈ సంచికకి ముందుమాట రాస్తున్నారు, అంతకంటే చెప్పను.

అజరయ్య గారి గురించి కూడా ఆ గదిలోనే విన్నాను. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి, మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని తెల్లదొరల ముఖం మీదే అడిగిన మనిషి; రెండేళ్ళకి దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బయటి సహాయం అంటే మనలో చాలామందికి ఇప్పటికీ నిధులు, రిపోర్టులు, గ్రూప్ ఫోటో. డబ్బు అవసరమే, కాదనను. కానీ డబ్బిచ్చేవాడి ముందు కాపరి తన బలహీనత చెప్పుకోలేడు, చెప్పుకుంటే వచ్చే ఏడాది గ్రాంటు ఏమవుతుందో అని టెన్షన్.

ఇక నా సంగతి. సోమవారాలు మేం కొందరం కలుస్తాం. ఒకాయన బాప్టిస్టు, ఒకాయన పెంతెకొస్తు, ఒక అమ్మగారు లూథరన్, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఏ సంఘంలోనూ పెద్ద కాదు, అందుకే అందరికంటే సూటిగా అడుగుతారు. నిద్ర, కోపం, ఇంట్లో మాటలు, డబ్బు లెక్కలు, ఆఖరున ప్రసంగం, ఆ వరసలో. అడక్కుండా సలహా ఇవ్వకూడదు, విన్నది గది దాటకూడదు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థన చేసి డాక్టరు దగ్గరికి కూడా పంపాలని, సంఘం లెక్కలు బయటి ఆడిటరు చూస్తే పాస్టరుకే రక్షణ అని నాకు అక్కడే నచ్చజెప్పారు. బైబిల్ స్టడీలు, ఇళ్ళ దర్శింపులు పెద్దలు పంచుకున్నారు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నేను ఊళ్ళో లేని ఆదివారం ఇప్పుడు మా సంఘంలో ఎవరికీ వార్త కాదు. కుర్ర పాస్టర్లు పిలిస్తే వెళ్తాను, ఒక రోజంతా చూస్తాను, అనవలసింది అని వచ్చేస్తాను.

కమిటీ వారికి ఒక మనవి. సమ్మేళనం రోజు మధ్యాహ్నం సన్మానాలు కాస్త తగ్గించి ఒక గంట ఇప్పించండి. ఈ ఏడు బయటికి వెళ్తున్న బ్యాచ్‌లో ఒక్కొక్కరికి మనలో ఒకరు, అదీ వేరే డినామినేషన్ నుంచి, ఫోన్ నంబర్లు అక్కడికక్కడే మార్చుకోవాలి. ముందు నా పేరు రాసుకోండి. మూడో బెంచీ వాళ్ళవి కూడా నేనే ఇచ్చేస్తున్నాను, వాళ్ళని అడగక్కర్లేదు.