ఐఎస్ఓ రాసిన 8 జీబీ పెన్‌డ్రైవ్‌ని టెర్మినల్‌లో మళ్లీ మామూలు పెన్‌డ్రైవ్ చేశాను: నా అనుభవం

లినక్స్ ఇన్‌స్టాల్ కోసం ఐఎస్ఓ (డిస్క్ మొత్తం నకలు ఉన్న ఫైలు) రాసిన పెన్‌డ్రైవ్ మీద రైట్‌క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే చాలాసార్లు పని జరగదు. నా దగ్గరున్న 8 జీబీది కూడా అంతే. లోపలున్నది రీడ్-ఓన్లీ అంటుంది, మిగతా ఖాళీ కనపడదు. కారు స్టీరియోలో పాటలకు అది కావాలి కాబట్టి ఉబుంటు లినక్స్‌లో టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, తెరిచాను. కమాండ్లు ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

ముందు ఏ డివైసో తేల్చుకోవాలి. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి డిస్కుల జాబితా చూపే 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కొడితే కొత్తగా వచ్చిన పేరే మనది. నాకు ఎస్‌డీబీ అని వచ్చింది, సైజు 7.5 దగ్గర. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, ఎల్ఎస్‌బీఎల్‌కే 1024 చొప్పున. తేడా అందుకే, చోటు ఎక్కడికీ పోలేదు. ఈ పేరు దగ్గర తొందరపడొద్దు. ఒక్క అక్షరం మారితే తుడిచేది ల్యాప్‌టాప్ డిస్క్‌నే.

తర్వాత 'సుడో యూమౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1'. సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని, ఎస్‌డీబీ1 అంటే ఎస్‌డీబీలోని మొదటి పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం). ఫైల్ మేనేజర్‌లో సేఫ్‌గా రిమూవ్ చేస్తే డివైసే మాయమవుతుంది, మనకు అన్‌మౌంట్ (ఫైళ్లు తెరవకుండా విడదీయడం) ఒక్కటే చాలు.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్‌లోకి వెళ్లిపోతారు. నేను మాత్రం 'సుడో వైప్‌ఎఫ్ఎస్ /డెవ్/ఎస్‌డీబీ' కొట్టి చూడమంటాను. ఆప్షన్ ఏదీ ఇవ్వకపోతే అది దేన్నీ చెరపదు, డిస్క్ మీద ఏ ఫార్మాట్ ఉందో తెలిపే గుర్తులు చూపిస్తుంది, అంతే. ఐఎస్ఓ9660 (సీడీల ఫార్మాట్) గుర్తు 0ఎక్స్8001 దగ్గర కనిపించింది. అంటే డిస్క్ మొదటి నుంచి 32,769 బైట్లు దాటాక 'సీడీ001' అనే ఐదు అక్షరాలు. ఎఫ్‌డిస్క్ మొదటి పార్టిషన్‌ని 2048వ సెక్టార్ (512 బైట్ల ముక్క) దగ్గర, అంటే సరిగ్గా 1 ఎంఐబీ (1024 చొప్పున లెక్కేసిన ఎంబీ) దగ్గర మొదలుపెడుతుంది. పాత గుర్తు ఆ ముందున్న ఖాళీలో పడింది. ఆ ఖాళీని కొత్త పార్టిషన్‌ గానీ, దాని మీద చేసే ఫార్మాట్‌ గానీ ముట్టుకోవు. అందుకే అన్నీ సరిగ్గా చేసినా డిస్క్ మొత్తం ఇంకా సీడీలాగే కనపడే చిక్కు వస్తుంది. ఇప్పటి ఎఫ్‌డిస్క్ దీన్ని పసిగట్టి, రాసేటప్పుడు చెరిపేస్తానని చెబుతుంది. పాతవి హెచ్చరించి ఊరుకుంటాయి. ఇంకోటి, జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్, అంటే పార్టిషన్ల పట్టిక) అయితే దాని నకలు డిస్క్ చివర్లో కూడా ఉంటుంది, కాబట్టి డీడీ కమాండ్‌తో మొదటి ఎంబీ సున్నాలు చేసినంత మాత్రాన అది పోదు.

'సుడో వైప్‌ఎఫ్ఎస్ -ఎ /డెవ్/ఎస్‌డీబీ' అంటే మొదట్లో, చివర్లో రెండు చోట్లా గుర్తులు పోతాయి. డివైస్ బిజీ అని వస్తే ఏదో పార్టిషన్ ఇంకా మౌంట్ అయి ఉన్నట్టే. ఇది చెరిపేది గుర్తుల్నే, ఫైళ్లలోని డేటాని కాదు. పెన్‌డ్రైవ్‌ని వేరేవాళ్లకు ఇచ్చేట్టయితే ఇంతటితో సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు 'సుడో ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డీబీ'. 'ఓ' కొడితే డాస్ (పాత రకం) పార్టిషన్ టేబుల్ తయారవుతుంది. కారు స్టీరియోలు చాలావాటికి జీపీటీ అర్థం కాదు, అందుకే ఇది. 'ఎన్', 'పీ', '1', తర్వాత మొదటి, చివరి సెక్టార్లకు ఎంటర్. పాత వీఫ్యాట్ (లినక్స్‌లో ఫ్యాట్ ఫార్మాట్ పేరు) గుర్తు తీసేయాలా అని అడిగితే 'వై'. ఆపైన 'టీ' కొట్టి 'సీ' ఇవ్వాలి, అంటే ఫ్యాట్32 ఎల్‌బీఏ. దీన్ని వదిలేస్తే టైప్ 83గా (లినక్స్‌ది) ఉండిపోతుంది. లినక్స్‌లో బాగానే తెరుచుకుంటుంది గానీ, బయటి మెషీన్లు తమది కాదనుకోవచ్చు. 'పీ'తో ఒకసారి చూసుకుని 'డబ్ల్యూ'. అప్పటిదాకా డిస్క్ మీద ఏమీ రాయదు, అనుమానముంటే 'క్యూ'తో బయటికొచ్చేయొచ్చు.

ఫార్మాట్: 'సుడో ఎంకేఎఫ్ఎస్.వీఫ్యాట్ -ఎఫ్ 32 -ఎన్ పాటలు /డెవ్/ఎస్‌డీబీ1'. ఇందులో ఎఫ్ పెద్దక్షరం. లేబుల్ (పెన్‌డ్రైవ్‌కి పెట్టే పేరు, ఇక్కడ పాటలు) ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, 11కి మించకుండా ఉండాలి. చివర 1 మర్చిపోతే మొత్తం డిస్క్ మీద చేయనని ఆగిపోయి, పెద్ద ఐ ఆప్షన్ వాడమంటుంది. ఆ సలహా పాటించొద్దు, 1 చేర్చండి చాలు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీఐబీని తాకకూడదు. పాటలకు ఆ ఇబ్బంది లేదు, పెద్ద సినిమాలకైతే ఎక్స్‌ఫ్యాట్ మేలు, అదీ చూపించే మెషీన్ చదవగలిగితేనే.

పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' చూశాను. ఎస్‌డీబీ ఎదురుగా ఖాళీ, ఎస్‌డీబీ1 ఎదురుగా వీఫ్యాట్, అలాగే ఉండాలి. తీసి పెట్టాక పాత ఐఎస్ఓ మళ్లీ ప్రత్యక్షమైతే లోపలి చిప్ రాతలు ఒప్పుకోవడం మానేసినట్టు, అలాంటిది పారేయడమే.

పాటలు కాపీ అయ్యాక 'సింక్' కొట్టి, ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఆగాలి. కాపీ బార్ నిండినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. చాలా స్టీరియోలు పేర్ల వరసలో కాకుండా, ఫోల్డర్‌లో ఎంట్రీలు పడ్డ వరసలోనే పాటలు వేస్తాయి. అన్‌మౌంట్ చేసి 'సుడో ఫ్యాట్‌సార్ట్ /డెవ్/ఎస్‌డీబీ1' కొడితే ఆ ఎంట్రీలు పేర్ల వరసలోకి వస్తాయి. తర్వాత కొత్త పాటలు వేసినప్పుడల్లా ఈ ఒక్క కమాండ్ మళ్లీ కొట్టాలి.