ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా: నా అనుభవం

వైవా నిన్ననే అయింది. ఒళ్ళు ఇంకా మండుతోంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

నా టాపిక్ పర్ఫెక్ట్ టోషెంట్ సంఖ్యలు. ఒక సంఖ్యకు ఆయిలర్ ఫై కట్టాలి, అంటే 1 నుంచి ఆ సంఖ్య దాకా దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. వచ్చినదానికి మళ్ళీ ఫై, 1 వచ్చేదాకా అలాగే. అన్నీ కూడితే మొదటి సంఖ్యే రావాలి. 9కి 6, 2, 1 వస్తాయి, మొత్తం 9. 3 ఘాతాలన్నీ ఇంతే.

టాపిక్ ఒప్పుకోవడం, ప్రోగ్రాం, టైపింగ్, బైండింగ్ అన్నీ సాఫీగా అయిపోయాయి.

వైవాకి వచ్చిన ఎగ్జామినర్ నా ప్రాజెక్టు తెరవను కూడా లేదు. "ఇవి హైస్కూల్ పిల్లల కూడికలమ్మా, దీనికి ఎమ్మెస్సీ దేనికి?" అన్నారు. వెనక కూర్చున్న జూనియర్లు నవ్వారు. 1975లో వెంకటరామన్ నిరూపించింది చెప్పబోయాను: 3 ఘాతాన్ని 4తో గుణించి 1 కలిపితే ప్రధాన సంఖ్య వచ్చిందా, దానికి మూడు రెట్లు పర్ఫెక్ట్ టోషెంట్ సంఖ్యే. 13 అలా వస్తుంది, కాబట్టి 39. పూర్తి చెయ్యనివ్వలేదు. "అన్నీ 3 గుణిజాలేగా, అది నిరూపించలేదేం?" అన్నారు. కాదు సార్ అంటే "నాకే చెప్తున్నావా?" అని గద్దించారు. గైడ్ గారు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు. నా పక్షాన ఒక్క మాట లేదు!

చాక్‌పీస్ తీసుకున్నాను. 4375 అంటే 5ని నాలుగుసార్లు గుణించి 7తో హెచ్చవేసింది, అందులో 3 లేదు. బోర్డు మీద వరసగా రాశాను: 3000, 800, 320, 128, అక్కణ్ణుంచి 1 దాకా సగం సగం. "కూడండి సార్" అన్నాను. కూడారు. 4375. 3తో భాగించబడని వాటిలో అన్నిటికన్నా చిన్నది ఇదే అని కూడా చెప్పాను. "సరే, కూర్చో" అన్నారు, అంతే.

హైస్కూల్ కూడికలట! వాల్తేరులో మన ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన డి. సూర్యనారాయణ గారు, మోహన్ గారితో కలిసి 1982లో వీటి మీదే పేపర్ వేశారు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలకు, ఒక్క 3 తప్ప, మూడు రెట్లు ఎన్నటికీ పర్ఫెక్ట్ టోషెంట్ కాదని తేల్చారు. చదవకుండా వచ్చి పిల్లల్ని చిన్నబుచ్చడం పెద్దరికం కాదు.

వైవాకి వెళ్ళేవాళ్ళు గైడ్‌ని నమ్ముకోవద్దు. ఒక ఉదాహరణ చేత్తో చేసి కంఠస్థం పెట్టుకోండి. బోర్డు తుడవకముందే ఫోటో తీయించుకోండి. నేను తీయించాను, మార్కుల్లో తేడా వస్తే డిపార్ట్‌మెంట్‌లో అదే చూపిస్తాను.