ఎర్రగీత

పదకొండు దాటింది. గిన్నెలు తోమడం అయిపోయింది, పాలు తోడు పెట్టాను, అయినా నిద్ర రావడం లేదు. చిన్నదాని బ్యాగులోంచి ఆ కాగితం బయటికి తీసినప్పటి నుంచీ ఇదే పరిస్థితి.

రేపు బళ్లో తెలంగాణ రచయితల మీద మూడు నిమిషాల ప్రసంగం. చిన్నదాని వంతుకి వట్టికోట ఆళ్వారుస్వామి గారు వచ్చారు. వారం నుంచి తనే కూర్చుని రాసుకుంది, నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. అందులో ఒక వాక్యం నాకెంత నచ్చిందో! "ఆయన వంట చేశారు, హోటల్లో సర్వర్‌గా చేశారు, ప్రూఫులు దిద్దారు, తర్వాత నవల రాశారు." అంతే. ఏడో తరగతి పిల్ల ఇంత శుభ్రంగా రాసింది కదా అని పొంగిపోయాను.

ఇవాళ ఆ వాక్యం మీద ఎర్రగీత. పైన టీచర్ చేతిరాత: "అనేక కష్టనష్టాలకోర్చి". ఎందుకట అని అడిగితే, "వంట, సర్వర్ అంటే స్టేజీ మీద బాగుండదట అమ్మా, పెద్దాయన కదా" అంది.

ఏం బాగుండదు? ఓ పంతులు గారింట్లో వంట చేసిపెడుతూ చదువుకున్న పిల్లవాడాయన. హోటల్లో బల్లలు తుడిచిన చేతులతోనే తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తీసే నకళ్లలో తప్పులు, దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చు వేసిన పుస్తకాలు తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. అదీ నిజాం రాజ్యంలో, తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన ఊళ్లలో. ఇవన్నీ ఒక్క "కష్టనష్టాల" మూటలో కట్టి అటక మీద పడేస్తే ఇంక మనిషెక్కడ మిగిలాడు? అదే చలం గారు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా చేశారని రాస్తే ఎవరైనా గీత గీస్తారా? గీయరు. ఇన్‌స్పెక్టరు స్టేజీ మీద నిలబడొచ్చు, వంటవాడు మాత్రం తెర వెనకే ఉండాలి. టీచర్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాద్దామని కూర్చున్నాను కూడా. ఈయన "పోనీలే, పిల్ల మార్కులు చూడు" అని దుప్పటి కప్పుకున్నారు. అదొక మంట.

ఉత్తరంలో ప్రూఫుల సంగతి రాబోతే నాన్న గుర్తొచ్చాడు. అక్కడ పెన్ను ఆగింది.

నాన్న హైదరాబాదు బడీచౌడిలో ఓ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్. సీసం అక్షరాల కాలం. పని ఎక్కువున్న రోజుల్లో ప్రూఫులు చుట్ట చుట్టి ఇంటికి తెచ్చేవాడు. రాత్రి బువ్వ తిన్నాక చాప మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. చేతిరాత ప్రతి నేను పైకి చదవాలి, నాన్న ప్రూఫు మీద పెన్ను పెట్టుకుని నా వెంట రావాలి. కామా వస్తే కామా అనాలి, పేరా మారితే పేరా అనాలి. నేను కథలో పడి కామా మింగేస్తే పెన్నుతో చాప మీద టక్కున కొట్టేవాడు. గదంతా ఇంకు వాసన, కిరసనాయిలు వాసన. నాన్న చొక్కా అమ్మ ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు.

ఒక నవల అట్లాగే నెల రోజులు చదివాం. అందులో ఒక పిల్ల ఇల్లు వదిలి రైలెక్కుతుంది. చివరి పేజీల ఫారాలు నాన్న ప్రెస్సులోనే దిద్దేశాడు, ఇంటికి తేలేదు. నాకు అన్నం సయించలేదు. "నాన్నా, ఆ పిల్ల మళ్లీ ఇంటికొచ్చిందా?" అని అడిగాను. నాన్న చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత, "చూడలేదు బిడ్డా. అక్షరాలే చూసిన" అన్నాడు.

ఉత్తరంలో నేను రాయబోయిందేమిటంటే, ఆ వంటా ఆ ప్రూఫులే ఆళ్వారుస్వామి గారిని నవలాకారుణ్ని చేశాయి, అవి నామోషీ కాదు, ఆయనకవే బడి అని. ఇప్పుడా మాట రాయబుద్ధి కావట్లేదు. ఇరవై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దిన నాన్న ఏం రాశాడు? కిరాణా లెక్కలు. ఆయనకి ఆ పని కథనే దూరం చేసింది, కళ్లద్దాల నంబరు పెంచింది. ఆళ్వారుస్వామి గారి మొదటి నవల 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. అప్పటికాయనకి దాదాపు 40 ఏళ్లు. 1961లో పోయారు, 46 కూడా నిండలేదు. పొయ్యి దగ్గరా, హోటల్లోనూ, జైల్లోనూ పోయిన సంవత్సరాలు చేతికి మిగిలి ఉంటే ఇంకెన్ని నవలలు వచ్చేవో. ఆ పనులకి దండ వేసి కూర్చోబెట్టడం కూడా టీచర్ గీత లాంటిదే అనిపిస్తోంది. వంట వంటే. ఆకలికి చేశారు. దాన్ని దాచనూ వద్దు, దేవుణ్ని చెయ్యనూ వద్దు. చిన్నది రాసింది సరిగ్గా అట్లాగే ఉంది, పనుల వెంట పని, నవల కూడా అందులో ఒకటిగా.

ఇంకొకటి కూడా రాసేస్తాను, లేకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు. నా పెళ్లి బయోడేటా పెదనాన్న రాశాడు. తండ్రి వృత్తి అన్నచోట "ప్రింటింగ్ ప్రెస్ వ్యపారం" అని ఉంది. నేను చూశాను, ఏమీ అనలేదు. ప్రూఫ్ రీడర్ అంటే అవతలివాళ్లు ఏమనుకుంటారో అని నాకూ ఉంది. నాన్నకిచ్చారు చూడమని. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, "వ్యపారం"లో వ్య కి దీర్ఘం ఇచ్చి, కాగితం మడిచి పెదనాన్న చేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు.

ఆ టీచర్ మీద నాకెందుకంత కోపం వచ్చిందో ఇది రాస్తుంటే తెలుస్తోంది. ఉత్తరం చింపేశాను.

సాయంత్రం అత్తయ్య ముందు నిలబడి చిన్నది మొత్తం అప్పజెప్పింది. ఆమె చప్పట్లు కొట్టింది. ఎర్రగీత చోటికి వచ్చేసరికి వంట, హోటలు, ప్రూఫులు అన్నీ గడగడా వచ్చేశాయి. "మేడమ్ తీసెయ్యమన్నారు కదే" అంటే, "నోటికొచ్చేసిందమ్మా, ఇప్పుడెట్ల ఆగుతది?" అంది. కాసేపాగి, "ఆయన ఏం కూర బాగా వండేవాడు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

రేపు ఏడింటికల్లా ఆటో వస్తుంది. తెల్లబూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఫ్యాను కింద పెట్టాలి.